పెరట్లో పిట్టలు: రావట్లేదు, వచ్చి ఎగిరిపోతున్నాయి, గూడు వదిలేశాయి... తేడా ఎక్కడుంది?

పిట్టల గురించి నన్నెవరైనా సలహా అడిగితే ముందు నేనే రెండు ప్రశ్నలు వేస్తాను. ఎంత దూరం నుంచి చూశారు? ఎంతసేపు చూశారు? సగం సమస్యలు అక్కడే తేలిపోతాయి. తల్లి గూటికి రావట్లేదని టెన్షన్ పడే మనిషి చాలాసార్లు ఆ గూటికి నాలుగడుగుల దూరంలోనే నిలబడి ఉంటాడు. తల్లేమో ఎదురు కొమ్మ మీద ముక్కున పురుగు పట్టుకుని, ఈయన ఎప్పుడు కదులుతాడా అని చూస్తూ ఉంటుంది.

కాబట్టి ఏదైనా మార్చే ముందు ఒక పూట ఊరికే కూర్చోండి. ఇంట్లో కర్టెన్ వెనక నుంచి అయితే మరీ మంచిది. అరగంట చాలు. ఏ పిట్ట వచ్చింది, ఎటు నుంచి వచ్చింది, వాలే ముందు ఎక్కడ ఆగింది, ఏం చూసి ఎగిరిపోయింది, ఈ నాలుగూ కాగితం మీద రాసుకోండి. కింద చెప్పిన కారణాల్లో మీది ఏదో చాలావరకు ఆ కాగితమే చెబుతుంది.

గింజలు పెట్టి వారమైంది, ఒక్క పిట్టా వాలలేదు

మొదటి కారణం మన తొందర. కొత్తగా వేలాడుతున్న వస్తువు ఏదైనా సరే, పక్షి దాన్ని ముందు ప్రమాదంగానే చూస్తుంది. ఒక పిచ్చుక ధైర్యం చేసి వాలాలి, దానికేమీ కాలేదని మిగతావి చూడాలి. ఒకచోట రెండు రోజుల్లో అలవాటు పడితే ఇంకోచోట మూడు నాలుగు వారాలు పడుతుంది. ఈలోగా "ఇక్కడికి రావట్లేదు" అని ఫీడర్‌ను, అంటే గింజలు పెట్టే పళ్లేన్నో డబ్బానో, రోజుకో చోటికి మార్చారంటే ప్రతిసారీ కథ మళ్లీ మొదటికొస్తుంది.

రెండోది చోటు. పిట్ట నేరుగా పళ్లెంలోకి దిగదు. దగ్గర్లో ఉన్న కొమ్మ మీద ఆగి, అటూ ఇటూ తల తిప్పి చూసుకుని అప్పుడు దిగుతుంది. ఆగడానికి ఆ కొమ్మ లేకపోతే రాదు. అలాగని గుబురు పొదను ఆనించి పెడితే పిల్లి పొంచి ఉండటానికి అనువు. పొదకూ ఫీడర్‌కూ మధ్య రెండు మీటర్ల ఖాళీ ఉంచండి. అంత దూరాన్ని పిల్లి ఒక్క దూకులో అందుకోవడం కష్టం, పిట్ట మాత్రం ఒక్క ఎగురులో పొదలో దూరిపోతుంది.

మూడోది మెనూ. ఎక్కువమంది పప్పులో కాలేసేది ఇక్కడే. నూకలు, సజ్జలు, కొర్రలు పిచ్చుకలకు, గువ్వలకు. పిగిలిపిట్టకు, అదే బుల్‌బుల్‌కు, వాటితో పెద్దగా పనిలేదు. దానికి పండిన పండు ముక్క కావాలి, పురుగు కావాలి. తేనెపిట్టకు పువ్వు కావాలి. ఆకుల్ని కుట్టి గూడు కట్టే దర్జీ పిట్టయితే మీరు బస్తా గింజలు పోసినా అటు కన్నెత్తి చూడదు, ఆకుల అడుగున తిరిగే పురుగులే దానికి తిండి. మీ పెరట్లో ఏ పిట్టలు తిరుగుతున్నాయో చూసుకుని వాటి తిండి పెట్టండి. బ్రెడ్డు, పాలు, ఉప్పేసిన చిరుతిళ్లు వద్దు. పక్షులు పాలలోని లాక్టోజ్‌ను అరిగించుకోలేవు. ఉప్పు వాటి చిన్న ఒంటికి చాలా త్వరగా ఎక్కువైపోతుంది.

తేనెపిట్టల కోసం పంచదార నీళ్లు వేలాడదీసేవాళ్లున్నారు. హమ్మింగ్‌బర్డ్‌లుండే అమెరికా ఖండాల్లో అది మామూలే. ఒక వంతు పంచదారకు నాలుగు వంతుల నీళ్లు కలుపుతారు, రంగు వేయరు, తేనె వాడరు. నాకైతే ఆ పని మీద మోజు లేదు. ఎండలో ఒకటి రెండు రోజులకే అది పులిసిపోతుంది, కడిగే ఓపిక మనకుండదు. గొట్టంలాంటి పూలు పూసే మొక్క ఒకటి కుండీలో పెంచితే ఆ బాధే లేదు. ఆ పూల చుట్టూ చేరే చిన్న పురుగులు, సాలీళ్లు తేనెపిట్ట పిల్లలకు తిండి కూడా అవుతాయి.

పైవన్నీ చేసినా లాభం లేదంటారా? గింజలు పక్కన పెట్టి నీళ్లు పెట్టండి. గింజలు తినేవి, పండ్లు తినేవి, పురుగులు తినేవి, అన్నీ నీళ్లకొస్తాయి. లోతు ఒక అంగుళం, మహా అయితే రెండు. నున్నటి గిన్నె కంటే గరుకు మట్టి మూకుడు మేలు, గోళ్లకు పట్టు దొరుకుతుంది. లోతున్న గిన్నే ఉంటే నీళ్లపైకి కనిపించేలా మధ్యలో ఒక రాయి వేయండి. దోమల భయం అక్కర్లేదు. దోమ గుడ్డు నుంచి రెక్కల దోమ అయ్యేసరికి వారం దాకా పడుతుంది. మీరు రోజూ నీళ్లు పారబోసి, గిన్నె రుద్ది కడిగితే దానికి ఆ టైమ్ దొరకదు.

వాలుతున్నాయి, గింజ ముట్టకుండానే తుర్రుమంటున్నాయి

ఏదో భయపెడుతోంది. గాలికి గిరగిరా తిరిగే ఫీడర్ అయితే రెండు తాళ్లతో కట్టండి. కిటికీ వెనక మన కదలిక కనిపిస్తుంటే లోపల లైటు ఆర్పి చూడండి. గోడ మీద పిల్లి ఉందా అన్నది చెప్పక్కర్లేదు.

ఒక్కోసారి పెరడంతా ఉన్నట్టుండి నిశ్శబ్దమైపోతుంది. కొమ్మ మీది పిట్ట కదలకుండా బొమ్మలా అతుక్కుపోయి ఉంటుంది. అప్పుడు కిందికి కాదు, పైకి చూడండి. డేగ ఎక్కడో వాలి ఉంటుంది. మీ ఫీడర్ దాని కంట పడిందన్నమాట. కొన్నాళ్లు గింజలు ఆపేస్తే పిట్టలు చెదిరిపోతాయి, డేగ కూడా వేరే చోటు చూసుకుంటుంది. దాన్ని తరమాల్సిన పనిలేదు, దానికీ పిల్లలుంటాయి.

పిచ్చుకలకని పెడితే పావురాలూ ఉడుతలూ ఊడ్చేస్తున్నాయి

పావురాలకు మందు ఒకటే, కొలత. పిచ్చుక దూరేంత, పావురం దూరలేనంత సందుతో, అంటే సుమారు నాలుగు సెంటీమీటర్ల కళ్లున్న జాలీని ఫీడర్ చుట్టూ బిగించండి. కింద గింజ రాలకుండా పళ్లెం పెట్టండి. సాయంత్రానికి మిగలనంతే పోయండి. మిగిలితే రాత్రికి ఎలుకలొస్తాయి.

ఉడుత వేరే రకం. కొమ్మ నుంచి, గోడ నుంచి, బట్టల తాడు మీద నుంచి కూడా వస్తుంది. ఒంటి స్తంభం మీద ఫీడర్ పెట్టి, స్తంభం మధ్యలో బోర్లించిన గరాటులాంటి రేకు బిగిస్తే చాలావరకు ఆగుతుంది. కానీ చుట్టుపక్కల రెండు మూడు మీటర్ల వరకు దూకడానికి ఏమీ ఉండకూడదు. గింజల్లో కారం కలపమని కూడా చెబుతారు. అందులో నిజం ఉంది. మిరపలోని ఘాటు పదార్థాన్ని పట్టే గుణం పాలిచ్చే జంతువుల నరాల్లో ఉంటుంది, పక్షులకు అది సోకదు. చిలక మిరపకాయ కొరుక్కుతినడం మనం చూస్తూనే ఉంటాం కదా. అయినా పొడి కారం నేను వాడను. గాలికి లేచి మన కళ్లలోనూ పిట్ట కళ్లలోనూ పడుతుంది. చివరికి ఉడుతకు దాని వాటా దూరంగా ఇంకో మూల పెట్టి రాజీపడ్డాను.

పిట్ట అద్దాన్ని పదేపదే పొడుస్తోంది; అద్దానికి కొట్టుకుని కింద పడింది

ఈ రెండింటినీ ఒకటే అనుకుంటారు. కాదు.

పొడిచేది కోపంతో. గూడు కట్టే కాలంలో మగ పిట్టకు తన హద్దులో ఇంకో మగ పిట్ట కనిపిస్తే సహించదు. అద్దంలో కనిపించేది తన నీడేనని దానికి తెలియదు. ఎంత పొడిచినా శత్రువు పారిపోడు, రోజంతా అదే పని. అద్దానికి బయటి వైపు పేపర్ అంటించండి, లేదా సబ్బు నురగ పూసి ఆరనివ్వండి. లోపల కర్టెన్ వేస్తే నీడ ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది, అది వద్దు. బండి అద్దాలైతే గుడ్డ సంచి తొడగండి. కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల్లో ఆ వేడి దిగిపోతుంది.

కొట్టుకునేది తెలియక. అద్దంలో ఆకాశం, చెట్లు కనిపించి దారి ఉందనుకుని దూసుకొస్తుంది. ఇది ప్రాణం తీస్తుంది. డేగ బొమ్మ స్టిక్కర్ ఒకటి అంటిస్తే చాలనుకోకండి, దాని పక్క ఖాళీలోంచి దూరబోతుంది. అద్దం బయటి వైపు మొత్తంగా, అయిదేసి సెంటీమీటర్ల ఎడంతో చుక్కలో గీతలో ఉండాలి. ఫీడర్‌ను అద్దానికి మీటరు లోపు పెట్టండి, లేదా పది మీటర్ల అవతల. మీటరు లోపైతే కొట్టుకున్నా వేగం ఉండదు. నడిమి దూరాలే ప్రమాదం.

దెబ్బతిని కూలబడ్డ పిట్టను మూతకు చిల్లులున్న అట్టపెట్టెలో ఉంచి, చీకటిగా, చప్పుడు లేని చోట పెట్టండి. తిండీ నీళ్లూ వద్దు. గంటా రెండు గంటలకు పెట్టెను బయటికి తీసుకెళ్లి మూత తెరవండి. ఎగిరిపోతే సరే, లేకపోతే పశువైద్యుడి దగ్గరికి.

గూడు పెట్టె బిగించాం, ఏడాదైనా ఖాళీయే

ముందు ఒక మాట. పెట్టెలో కాపురం పెట్టేది తొర్రల్లో, సందుల్లో గూడు కట్టే పిట్టలే. పిచ్చుక, గోరింకలాంటివి. పిగిలిపిట్ట, తేనెపిట్ట, గువ్వ మీ పెట్టె ఎంత అందంగా ఉన్నా రావు.

పిచ్చుకకు పెట్టి కూడా రాలేదంటే రంధ్రం కొలవండి. 32 మిల్లీమీటర్లు సరిపోతుంది. ఇంకా పెద్దదైతే పెద్ద పిట్టలు ఆక్రమిస్తాయి, గుడ్లు దొంగిలించేవాటి ముక్కూ అందుతుంది. రంధ్రం పెట్టె అడుగు నుంచి పన్నెండు సెంటీమీటర్లయినా పైన ఉండాలి. రంధ్రం కింద కూర్చోవడానికి పుల్ల ఉన్న పెట్టెలు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి, అది పిచ్చుకకు అక్కర్లేదు. శత్రువు నిలబడటానికే పనికొస్తుంది. విరగ్గొట్టేయండి. లోపలి గోడ నున్నగా ఉంటే పిల్లలు పైకి ఎక్కిరాలేవు, మేకుతో అడ్డంగా నాలుగు గీతలు గీయండి. అడుగున నీరు పోయే చిల్లులు, పైన గాలాడే సందు ఉండాలి. లోపల రంగు వేయకూడదు.

మధ్యాహ్నం ఎండ నేరుగా పడే గోడ మీద రేకు పెట్టెనో ప్లాస్టిక్ పెట్టెనో బిగించారంటే అది పొయ్యే. పిచ్చుక రాకపోవడమే అదృష్టం. చెక్క పెట్టె, నీడ వైపు, వాన జల్లు కొట్టని దిక్కుకు, రెండు నుంచి నాలుగు మీటర్ల ఎత్తులో. అప్పటికీ రాకపోతే మీ పెరట్లో పురుగులున్నాయా అని చూడండి. పిచ్చుక తను గింజలు తింటుంది కానీ పిల్లలకు మొదటి రోజుల్లో పెట్టేది మెత్తటి పురుగులే. వారం వారం మందు కొట్టే తోటలో ఇల్లు ఉచితంగా ఇచ్చినా కాపురం సాగదు.

గూడు కట్టడం మొదలుపెట్టి మధ్యలో ఆపేసింది

పిట్ట అన్నిటికంటే బెదిరే దశ ఇది. గుడ్లు పెట్టాక వదల్లేకపోతుంది, కట్టేటప్పుడు మాత్రం కాస్త తేడా కనిపించినా వేరే చోటు చూసుకుంటుంది. ఆడ తేనెపిట్ట సాలెదారాలు పోగేసి, ఎండుటాకు ముక్కలు, బెరడు పొట్టు అతికించి, ద్వారం మీద చిన్న చూరు కూడా దించుతుంది. ఆ పనిలో వానకో గాలికో రెండు మూడు రోజులు ఆగడం మామూలే. కాబట్టి ఆగిందంటే వదిలేసిందని కాదు. వారం దాకా అటు వెళ్లకండి.

సాయం చేద్దామని దారాలు, జుట్టు, దూది పెట్టేవాళ్లున్నారు. పొడవాటి దారం, జుట్టు పిల్లల కాళ్లకు చుట్టుకుని పాదం తెగిపోయేదాకా బిగుస్తాయి. ఎండుగడ్డి, కొబ్బరి పీచు చిన్న ముక్కలుగా ఓ మూల వదిలితే చాలు. సాలెగూళ్లు దులపకపోవడం ఇంకా పెద్ద సాయం. బద్ధకానికి ఇంత మంచి సాకు ఇంకోటి దొరకదు.

గుడ్లు పెట్టింది, పొదగట్లేదు

చాలా పిట్టలు రోజుకొక గుడ్డు పెడతాయి. అనుకున్నవన్నీ పెట్టేదాకా గట్టిగా పొదగవు. అన్నీ ఒకేసారి పిల్లలవ్వాలి కదా. మొదటి గుడ్డు రెండు మూడు రోజులు చల్లగా పడి ఉన్నా దానికేం కాదు. కాబట్టి గుడ్లు ముట్టుకుని చల్లగా ఉన్నాయని నిర్ణయానికి రాకండి. అసలు ముట్టుకోకండి.

అన్నీ పెట్టాక కూడా రావట్లేదంటే రెండు కారణాలు. మీరు దగ్గరుండటం ఒకటి. రెండోది, మీరు గూటి చుట్టూ ఏదో మార్చడం. ఆ రెండోది నేను చేసిన పనే, చెబుతాను వినండి.

నందివర్ధనం గుబురులో పిగిలిపిట్ట గూడు. లేత గులాబీ రంగు మీద ముదురు ఎరుపు మచ్చలున్న మూడు గుడ్లు. ఫోటోకు రెండు ఆకులు అడ్డొస్తున్నాయని కత్తెరతో కత్తిరించాను. రెండంటే రెండే. ఫోటో బాగా వచ్చింది. మర్నాడు మిట్టమధ్యాహ్నం కిటికీలోంచి చూస్తే తల్లి గుడ్ల మీద కూర్చోలేదు, గూటి అంచు మీద నిలబడి ఉంది. రెక్కలు సగం విప్పి, నోరు తెరిచి రొప్పుతూ. ఆకులు పోయిన సందులోంచి ఎండ నేరుగా గూట్లో పడుతోంది. గుడ్లు ఉడికిపోకుండా అది తన ఒంటితో నీడ పడుతోంది. ఆ కిందనే తెలుపూ నలుపూ రెట్టల చుక్క ఒకటి ఆకు మీద ఆరిపోయి ఉంది, అదీ గుర్తుంది నాకు. పరిగెత్తుకెళ్లి ఎండిన కొమ్మ ఒకటి తెచ్చి పైన కట్టాను. నీడైతే వచ్చింది. కానీ ఆ సందు అప్పటికే కాకి చూసేసినట్టుంది. ఆ మర్నాటి ఉదయానికి గూడు ఖాళీ.

ఆకు అడ్డమొస్తే బట్టల క్లిప్పుతో పక్కకు లాగి పట్టి, ఒక్క నిమిషంలో మళ్లీ వదిలేయొచ్చు. అసలు చూడకుండా ఉండగలిగితే ఇంకా మంచిది. గూళ్లను గమనించి లెక్కలు రాసేవాళ్ల కోసం కార్నెల్ విశ్వవిద్యాలయం పక్షిశాస్త్ర ప్రయోగశాల నెస్ట్‌వాచ్ అనే కార్యక్రమం నడుపుతోంది. వాళ్ల పద్ధతి ఇది: మూడు నాలుగు రోజులకొకసారి, నిమిషంలోపు చూసి రావాలి. తెల్లవారుజామున వద్దు, చీకటి పడ్డాక వద్దు, వానలో వద్దు. పిల్లలు ఎగరబోయే రోజుల్లో అసలే వద్దు, బెదిరి ముందే దూకేస్తాయి. వెళ్లిన దారినే వెనక్కి తిరగకుండా గూడు పక్క నుంచి ఏమీ ఎరగనట్టు నడుచుకుంటూ పోవాలి. దారి గూటి దగ్గరే ఆగిపోతే పిల్లీ కాకీ ఆ చోటు కనిపెట్టేస్తాయి.

గుడ్లు మొత్తానికి వదిలేసిందని తేల్చుకోవడానికి నెల రోజులు ఆగండి.

తల్లి గూట్లోంచి తెల్లటి ముద్ద ఎత్తుకుపోతోంది, గుడ్డు పారేస్తోందా?

లేదు. అది పిల్ల రెట్ట. చాలా చిన్న పిట్టల పిల్లలు రెట్టను పల్చటి జిగురు పొరలో చుట్టిన సంచిలా వేస్తాయి. తల్లి దాన్ని ముక్కున పట్టి దూరంగా పడేస్తుంది. గూడు శుభ్రంగా ఉంటుంది, వాసన పట్టి శత్రువు రాడు. జాగ్రత్తగా చూస్తే ఇంకో ముచ్చట కనిపిస్తుంది: పిల్ల పురుగు మింగిన వెంటనే వెనక్కి తిరిగి తోక ఎత్తుతుంది, తల్లి అక్కడే కాచుకుని ఉంటుంది. రెట్ట సంచులు కనిపిస్తున్నాయంటే పిల్లలు బాగా తింటున్నాయని అర్థం.

పొద్దున్న లేచేసరికి గూడు ఖాళీ

ముందు రోజులు లెక్కపెట్టండి. పెరటి పిట్టల్లో చాలావాటికి పొదగడానికి సుమారు రెండు వారాలు, పిల్లలు గూట్లో ఉండటానికి ఇంకో రెండు వారాలు, కాస్త అటూ ఇటూ. పిల్లలు పుట్టి పన్నెండు పద్నాలుగు రోజులై ఉంటే సంబరపడండి, ఎగిరిపోయుంటాయి. గూటి అంచు తొక్కుడుకు చదునైపోయి ఉంటుంది, అంచు మీద రెట్టలుంటాయి, అడుగున ఈకల తొడుగులు రాలిన తెల్లటి పొట్టు కనిపిస్తుంది. చుట్టుపక్కల పొదల్లోంచి పిల్లల అరుపు, ముక్కున పురుగుతో తిరిగే తల్లిదండ్రులు ఉంటే ఇక అనుమానమే లేదు.

పుట్టి అయిదారు రోజులే అయితే మాత్రం ఏదో తిన్నట్టే. గూడు చీలిపోయి, ఒక పక్కకు వాలిపోయి ఉంటే పిల్లి లాంటి పెద్ద ప్రాణి కావచ్చు. గూడు చెక్కుచెదరకుండా లోపల మాత్రమే ఖాళీ అయితే పాము కావచ్చు, కాకి కావచ్చు, జెముడుకాకి కావచ్చు. గూడు ఒక్కటే చూసి దొంగను ఖాయంగా పట్టలేం.

అప్పటికి చేయగలిగింది లేదు. పిట్ట మాత్రం మనంత సేపు ఏడవదు. ఆ కాలం ఇంకా మిగిలుంటే కొద్ది రోజుల్లోనే వేరే చోట మొదలుపెడుతుంది. అప్పటికల్లా ఇంటి పిల్లిని తెల్లవారుజామున, సాయంత్రం లోపల ఉంచడం అలవాటు చేయండి.

పిల్ల కింద పడి ఉంది

దీనికే ఎక్కువ ఫోన్లు వస్తాయి నాకు. ఎక్కువ నష్టం జరిగేదీ ఇక్కడే, అదీ మంచి మనసుతో.

ముందు పిల్లను చూడండి. ఒంటి నిండా ఈకలు, పొట్టి తోక, నోటి చివర్లలో ఇంకా పసుపు, వేలు పెడితే గట్టిగా పట్టుకుంటోంది, గెంతుతోంది. ఇది పడిపోయిన పిల్ల కాదు, గూడు దాటిన పిల్ల. ఎగరడం సరిగ్గా రాకముందే గూడు వదలడం వీటికి సహజం. తల్లిదండ్రులు నేల మీదే తిండి పెడతాయి. పిల్లి తిరుగుతుంటే దగ్గరి పొదలో ఓ కొమ్మ మీద కూర్చోబెట్టి వచ్చేయండి. ఇంట్లోకి తెచ్చారంటే మీరు కాపాడినట్టు కాదు, ఎత్తుకొచ్చినట్టు.

ఈకలు లేవు, లేదా ముళ్లలా అప్పుడే మొలుస్తున్నాయి, నిలబడలేకపోతోంది. ఇది నిజంగానే పడిపోయింది. గూడు అందితే తిరిగి పెట్టండి. మనిషి చేయి తగిలితే తల్లి వదిలేస్తుందన్నది ఒట్టి మాట, వాసన పట్టి పిల్లను వెలేసే అలవాటు పెరటి పిట్టలకు లేదు. అయితే పెట్టే ముందు పిల్ల ఒళ్లు చల్లగా ఉంటే రెండు చేతుల మధ్య కాసేపు వెచ్చబెట్టండి. చల్లబడిన పిల్ల నోరు తెరవదు, నోరు తెరవని పిల్లకు తల్లి తిండి పెట్టదు.

గూడే రాలిపోతే అడుగున చిల్లులున్న చిన్న బుట్టలో దాన్ని సర్ది, పాత చోటికి వీలైనంత దగ్గర్లో, నీడలో కట్టండి. తర్వాత ఇంట్లోకి వెళ్లి తలుపేసుకుని, గంటో రెండు గంటలో కిటికీలోంచి చూడండి. ఈ ఇంట్లోకి వెళ్లడమే చాలామందికి చేతకాదు.

ఎట్టి పరిస్థితుల్లోనూ పిల్ల నోట్లో నీళ్లు పోయకండి. పక్షికి ఊపిరి రంధ్రం నాలుక మొదట్లోనే ఉంటుంది, డ్రాపరుతో పోసిన చుక్క నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. గూట్లోని పిల్లకు కావలసిన నీరు తల్లి పెట్టే తిండిలోనే ఉంటుంది. పిల్లి నోట పడిన పిట్టయితే గాయం కనిపించకపోయినా వైద్యుడి దగ్గరికో, వన్యప్రాణుల్ని కాపాడేవాళ్ల దగ్గరికో తీసుకెళ్లాలి. పిల్లి నోటి సూక్ష్మజీవులు లోపల పని చేస్తాయి, పైకి బాగున్నట్టే ఉండి ఒకటి రెండు రోజుల్లో పోతుంది.

కాకి గూట్లో పిల్ల కాకి పిల్లలా లేదు

కోయిల పిల్ల అయ్యుంటుంది. కోయిల తన గుడ్లను కాకి గూట్లో పెట్టి పోతుందన్నది తెలిసిందే. దీనికి పరిష్కారం అక్కర్లేదు, తీసి పారేయకండి. కాకి అరుస్తూ తిండి పెట్టడం, తనకంటే పొగరుగా ఆ పిల్ల ఇంకా కావాలనడం, చూడటానికి అంతకంటే ఏం కావాలి?

ఒక పిట్ట ఉబ్బిపోయి, దగ్గరికెళ్లినా ఎగరట్లేదు

ఈకలు ఉబ్బించుకుని మగతగా కూర్చోవడం, కళ్లు వాచి పుసులు కట్టడం, ముక్కు చుట్టూ తడి, ముక్కు మీదో కాళ్ల మీదో పులిపిరుల్లాంటి బుడిపెలు. ఇవి జబ్బు గుర్తులు. ఒకే చోట గుంపుగా తినడం, రెట్ట పడిన తడి గింజ, బూజు పట్టిన గింజ వల్ల ఇవి ఒకదాన్నుంచి ఇంకోదానికి పాకుతాయి. బూజు పట్టిన వేరుశనగలో విషం కూడా పుడుతుంది.

మనసు ఒప్పకపోయినా ఫీడర్లూ నీళ్ల పళ్లేలూ అన్నీ తీసేయండి. రెండు వారాలు. గుంపు చెదరడమే మందు. ఈలోగా సబ్బుతో కడిగి, తొమ్మిది వంతుల నీళ్లకు ఒక వంతు బ్లీచ్ కలిపిన నీళ్లలో పది నిమిషాలు నానబెట్టి, బాగా తొలిచి, ఎండలో పూర్తిగా ఆరబెట్టండి. మళ్లీ మొదలుపెట్టినప్పుడు ఒకే పెద్ద పళ్లెం బదులు రెండు మూడు చోట్ల కొంచెం కొంచెం. జబ్బు లేకపోయినా పదిహేను రోజులకొకసారి ఈ కడుగుడు ఉండాలి. చచ్చిన పిట్టను వట్టి చేత్తో ముట్టుకోవద్దు, నాలుగైదు ఒకేసారి చనిపోతే పశుసంవర్ధక అధికారులకు చెప్పండి.

ఫోటో రావట్లేదు

ఫ్లాష్ వద్దు. ఫోన్లో దాని పాట వినిపించి పిలవడం కూడా వద్దు. గూడున్న కాలంలో మగ పిట్ట లేని శత్రువును వెతుక్కుంటూ తిండి తేవడం మానేస్తుంది. ఫోన్‌ను స్టాండ్ మీద పెట్టి, వీడియో నొక్కి, మీరు లోపలికొచ్చేయండి. లేదా బైనాక్యులర్స్ కంటి అద్దానికి ఫోన్ కెమెరా ఆనించండి. పిట్ట పేరు తెలియకపోతే అదే కార్నెల్ వాళ్ల మెర్లిన్ యాప్ ఉచితంగా దొరుకుతుంది, కూతను బట్టి కూడా పేరు చెబుతుంది. వందకు వంద నమ్మకండి, కళ్లతో కూడా సరిచూసుకోండి.

తలుపు మీద, ఏసీ మీద, కుండీలో గూడు కట్టేసింది

ఒకటి రెండు రోజుల గడ్డిపోచలే ఉంటే, గుడ్డు లేదని రూఢి చేసుకుని తీసేయండి, ఆ సందు మూసేయండి. గుడ్డు పడ్డాక మాత్రం ఆ చోటు నెల రోజులు దానిదే. చాలా దేశాల్లో గుడ్లున్న గూడు తీయడం చట్టరీత్యా నేరం కూడా. వేలాడే కుండీలో పిగిలిపిట్ట కూర్చుంటే మొక్కకు నీళ్లు ఆపక్కర్లేదు, గూటికి దూరంగా అంచు నుంచి నెమ్మదిగా పోయండి, అది ఆహారానికి వెళ్లినప్పుడు. మొదటి గుడ్డు చూసిన తేదీ క్యాలెండర్ మీద రాస్తే ఇంట్లో గొడవలు తగ్గుతాయి, "ఇంకెన్నాళ్లు" అన్నదానికి జవాబు అక్కడే ఉంటుంది.

మా బట్టల తాడు చివర తేనెపిట్ట గూడు వేలాడదీసింది. ఆ చివర గజం వదిలి మిగతా తాడు మీద బట్టలు ఆరేశాం. మొదటి రోజు దుప్పటి ఊగితే ఎగిరిపోయింది, మూడో రోజుకు అలవాటు పడింది. ద్వారంలోంచి వంపు ముక్కు ఒక్కటే బయటికి కనిపించేది. రెండు పిల్లలు ఎగిరిపోయాక తాడంతా మనదేనని ఇంట్లో అన్నారు. పదో రోజున బట్టలు తీస్తుంటే అదే చివర కొత్త సాలెదారం చేతికి తగిలింది.